నూరు శాతం నిద్ర

నడిమివలసలో పసిపిల్లలు సరిగా నిద్రపోవడం లేదన్న సంగతి ప్రభుత్వం వచ్చి చెప్పేదాకా అక్కడ ఎవరికీ తెలియదు. పిల్లలకైతే అసలే తెలియదు. వాళ్ళు జీడిపిక్కల ఫ్యాక్టరీ పక్కనున్న పెంకుల గదిలో, దూలాలకు కట్టిన చీర ఉయ్యాలల్లో, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూ ఉండేవారు. ఆ గదికి శిశు సంరక్షణ కేంద్రమని పేరు. ఆయా సన్యాసమ్మ గది మధ్యలో పీట వేసుకుని కూర్చునేది. చేతికందిన ఉయ్యాలను చేత్తో, అందని ఉయ్యాలను కాలితో ఊపేది. ఊపు బాగా అందుకున్నాక చింతపండులో గింజలు తీసుకునేది.

గోడకి అవతల తల్లులు కూర్చుని జీడిపప్పు మీద పొట్టు తీసేవారు. ఆ గోడకి ఒక కిటికీ ఉంది. ఇవతల ఏ పిల్ల ఏడ్చినా ఆ గొంతు ఎవరి పిల్లదో అవతల తెలిసిపోయేది. ఆ తల్లి లేచి, చేతులు కడుక్కుని, వచ్చి పాలిచ్చి వెళ్ళేది. మేస్త్రి కనుబొమలు ఎగరేసేవాడు గాని నోరెత్తేవాడు కాదు. అతనికీ ఇంట్లో పిల్లలున్నారు.

నూకరత్నానికి ఆ కిటికీయే ఆధారం. ఆమె కూతురికి అప్పుడే కూర్చోవడం వస్తోంది. పెట్టిన పేరు ఏదో పెద్దది ఉంది గాని అందరూ బుజ్జమ్మ అనే పిలిచేవారు. బుజ్జమ్మ సీసా పాలు నోట పెట్టదు. నిద్ర అంటావా, గడప మీద పిచ్చుక వాలినట్టు వాలి ఎగిరిపోతుంది. మిగతా పిల్లలకి సన్యాసమ్మ కాలో చెయ్యో చాలు. బుజ్జమ్మకి రెండూ కావాలి, పైన పాట కూడా కావాలి. కిటికీ ఉంది గనక నూకరత్నం పనికి వస్తోంది. ఆమె పనికి వస్తోంది గనక ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. మొగుడు పైడిరాజు చెన్నైలో కట్టుబడి పనికి వెళ్ళి, వచ్చే నెల వచ్చేస్తానని ప్రతి నెలా ఫోన్లో చెబుతున్నాడు.

అలాంటి రోజుల్లో శిశు సుఖశయన మిషన్ మొదలైంది. పెద్దవాళ్ళెవరో ఎక్కడికో చల్లని దేశానికి వెళ్ళి, అక్కడ పసిపిల్లలు కటకటాల మంచాల్లో ఒంటరిగా, కదలకుండా, జోల లేకుండా నిద్రపోవడం చూసి వచ్చారట. చూసి చాలా బాధపడ్డారు. ఆ పిల్లల గురించి కాదు, మన పిల్లల గురించి. వెంటనే జిల్లాకొక శయనాధికారిని నియమించారు. మా జిల్లాకి వచ్చిన విశ్వంభరరావు గారు అంతకుముందు భూగర్భ జలాల శాఖలో ఉండేవారు. లోతులు కొలవడంలో మంచి పేరున్న మనిషి.

ఆయన ఒక లారీ నిండా ఇనప మంచాలతో నడిమివలస వచ్చారు. నాలుగు వైపులా కటకటాలు, కింద నాలుగు కాళ్ళు, లేత నీలం రంగు పెయింటు. తల్లులందరినీ పని ఆపించి గదిలోకి పిలిపించారు.

"అమ్మలారా, దీన్ని క్రిబ్ అంటారు" అన్నారు విశ్వంభరరావు.

"ఏటండి, కిరిబ్బా?" అంది సన్యాసమ్మ.

"క్రిబ్. దీనికి తెలుగు పేరు పెట్టడానికి శాఖ ఒక కమిటీని నియమించింది. ఉయ్యాల అందామంటే ఊగుతుందన్న అపోహ కలుగుతుంది. తొట్టి అందామంటే నీళ్ళు పోస్తారు. మంచం అందామంటే మీరు పడుకుంటారు. కమిటీ సుదీర్ఘంగా చర్చించి 'స్థిర పరివేష్టిత శిశు శయన పీఠిక' అని నిర్ణయించింది. బోర్డు రాసే పెయింటరు గోడ చాలదన్నాడు. అందుచేత ప్రస్తుతానికి క్రిబ్ అనే వ్యవహరించాలి."

వెనక నుంచి ఎస్తేరు చెయ్యెత్తింది. నూకరత్నం పక్క పీట మీద పొట్టు తీసే మనిషి ఆమె. "మాకు తెలుసు బాబూ. క్రిస్మస్‌కి మా చర్చిలో కడతాం క్రిబ్బు. గడ్డేసి, గొర్రెల్నెట్టి, మద్దిలో బాలేసుని తొంగోబెడతాం."

"అది వేరే క్రిబ్. ఇందులో గడ్డి నిషేధం. గొర్రెలు కూడా" అన్నారు విశ్వంభరరావు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఆంగ్లంలో ఆ మాటకి ఇంకా చాలా వాడుకలున్నాయి. ఊరికే సణుక్కోవడాన్ని కూడా క్రిబ్ అంటారు. ఆ వాడుకలతో మిషన్‌కి సంబంధం లేదు."

"ఆ సణిగే క్రిబ్బయితే మా అత్త కాడ ముందునుంచీ ఉన్నాది" అంది ఎస్తేరు మెల్లిగా. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత దూలాలకున్న చీరలన్నీ విప్పించారు. విశ్వంభరరావు ఒక చీరను రెండు వేళ్ళతో పట్టుకుని అందరికీ చూపించారు.

"ఈ వస్త్రానికి ప్రమాణ ముద్ర లేదు. ఎంత కోణంలో ఊగుతుందో నియంత్రణ లేదు. ఊపే కాలికి ఎటువంటి శిక్షణా లేదు. దీన్ని మేము అనధికార డోలనం అంటాం."

సన్యాసమ్మ తన కాలి వంక చూసుకుంది. నలుగురు పిల్లల్నీ, తొమ్మండుగురు మనవల్నీ ఊపిన కాలు. అది ఇన్నాళ్ళూ నేరం చేస్తోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"క్రిబ్ ప్రభుత్వ ఆస్తి. పెయింటు లేచినా, కాళ్ళు తడిసినా, తుప్పు పట్టినా పూర్తి బాధ్యత కేంద్రానిదే" అని చెప్పి ఆయన ట్యాబు తెరిచారు. "ఇక హాజరు. రోజూ మధ్యాహ్నం ప్రతి క్రిబ్ ఫొటో ఈ యాప్‌లో పెట్టాలి. శిశువు కళ్ళు మూసుకుని ఉంటే హాజరు పడుతుంది. తెరిచి ఉంటే శయన గైర్హాజరు."

నూకరత్నానికి అర్థం కాలేదు. "పిల్ల ఎదురుగా ఉన్నాది కదా బాబూ. కళ్ళు తెరిస్తే లేనట్టు ఎలగవుద్ది?"

"చూడమ్మా" అన్నారు విశ్వంభరరావు ఓర్పుగా. "ఉండటం వేరు. హాజరు కావడం వేరు."

మర్నాటి నుంచి నడిమివలసలో నిద్ర మొదలైంది.

పిల్లల్ని క్రిబ్బుల్లో పడుకోబెట్టారు. వాళ్ళు కాసేపు కటకటాల వంక చూశారు, కాసేపు పైకప్పు వంక చూశారు. ఏదీ కదలడం లేదని రూఢి చేసుకున్నాక అందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. కిటికీకి అవతల తల్లులకు ఏ ఏడుపు ఎవరిదో ఆనవాలు పట్టడం కష్టమైపోయింది.

సన్యాసమ్మ జోలపాట ఎత్తుకోబోతే యాప్ ఒప్పుకోలేదు. మిషన్ వారి ఆమోదిత జోలపాట వేరే ఉంది. ట్యాబులో నొక్కితే వస్తుంది. "శిశువా, విశ్రమించుము, శ్రేయస్సును సాధించుము" అని ఒక గంభీరమైన మగగొంతు పాడుతుంది. అది వినగానే ఎస్తేరు కొడుకు ఏడుపు ఆపి, నోరు తెరిచి, చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. పాట అయిపోయాక రెట్టింపు బలంతో ఏడ్చాడు.

హాజరు పడిపోయింది. ఒక రోజు ఎవడో పిల్లవాడు తుమ్మబోతూ కళ్ళు మూసుకున్న క్షణంలో ఫొటో పడి, వాడొక్కడికే హాజరు వచ్చింది. అది చూసి సన్యాసమ్మ కొత్త పద్ధతి కనిపెట్టింది. మధ్యాహ్నం కాగానే కొంగు చివర పురిపెట్టి పిల్లల ముక్కుల దగ్గర ఆడించేది. కొన్నాళ్ళు నడిమివలస నిద్రంతా తుమ్ముల మీదే నడిచింది.

విశ్వంభరరావు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. పిల్లల నిద్రకు భంగం కలిగించే కారణాల మీద అధ్యయనం చేశారు. బాయిలరు చప్పుడు తగ్గించమని ఫ్యాక్టరీకి ఉత్తరం రాశారు. కాకుల విషయమై అటవీ శాఖకు రాశారు. కాకులు అడవిలో లేవు గనక తమ పరిధిలోకి రావని అటవీ శాఖ జవాబిచ్చింది. ఈ ఉత్తరాలన్నీ నడుస్తూ ఉండగానే నోటీసు వచ్చింది. నిద్ర శాతం తక్కువగా ఉన్న కేంద్రాలను మూసివేసి, పిల్లలను మండల కేంద్రంలోని సమీకృత శయన ప్రాంగణానికి తరలిస్తారట.

మండల కేంద్రం అంటే హైవే అవతల. ఆటో ఎక్కి, దిగి, మళ్ళీ ఆటో ఎక్కాలి. నోటీసు చదివి వినిపించిన రోజున నూకరత్నం జీడిపప్పు పళ్ళెం పక్కనపెట్టి, నేరుగా విశ్వంభరరావు దగ్గరికే వెళ్ళి నిలబడింది. ఆయన గుమ్మం దగ్గర క్రిబ్ కాళ్ళు తనిఖీ చేస్తున్నారు.

"బాబూ, మా గుంట సీసా ఎట్టదు. అంత దూరమైతే పాలెలగ ఇత్తాను?"

విశ్వంభరరావు లేచి నిలబడ్డారు. ఆయన కఠినుడు కాదు. ఆమె ప్రశ్నను నిజంగానే ఆలోచించారు. ఆలోచించి, తలూపి అన్నారు. "నీ బాధ అర్థమైందమ్మా. కానీ మిషన్ పరిధి నిద్ర వరకే. పాలు వేరే శాఖ."

ఆమె తిరిగి వెళ్ళి పళ్ళెం ముందు కూర్చుంది. పక్కనున్న ఎస్తేరు "ఏటన్నాడు?" అని అడిగింది.

"పాలు వేరే శాకంట."

"అయితే గుంట నిన్ను నిద్దరకో ముక్క, పాలకో ముక్క సేసి అడగాల" అంది ఎస్తేరు. నూకరత్నం నవ్వలేదు. పని మానేస్తే పొయ్యి ఆగుతుంది, మానకపోతే పిల్ల ఎండుతుంది. ఆ రోజంతా ఆమె తీసిన పప్పులో సగం బద్దలైంది. మేస్త్రి కనుబొమలు ఎగరేయడం కూడా మరిచిపోయాడు.

ఇంతలో సముద్రంలో అల్పపీడనం పట్టింది. ఒక పగలంతా వాన ఆగకుండా కురిసి, ఫ్యాక్టరీ వెనక కాలువ పొంగి, నీళ్ళు కేంద్రం గడప దాటి లోపలికి వచ్చాయి. సన్యాసమ్మకి పిల్లల భయం లేదు, పిల్లలు క్రిబ్బుల్లో పైన ఉన్నారు. ఆమె భయమంతా కాళ్ళ గురించి.

"ఓలమ్మ, రండర్రా బేగి! కిరిబ్బు కాళ్ళు తడిసిపోతన్నాయి! తుప్పట్టిందంటే నా మెడకి సుట్టీగలడు ఆ బాబు!" అని కిటికీలోంచి కేకేసింది.

తల్లులందరూ పరుగెత్తుకొచ్చారు. ఇనప మంచాల్ని ఎక్కడ పెట్టాలి? బయట వాన, లోపల నీళ్ళు. దూలాలు మాత్రం పొడిగా ఉన్నాయి. మూలన మూటకట్టి పడేసిన పాత చీరలు విప్పి, పురిపెట్టి, ఒక్కొక్క క్రిబ్‌కీ నాలుగు మూలలా ముడులు వేసి, దూలాలకు ఎత్తి కట్టారు. కట్టిన ముడి పట్టిందో లేదోనని ఇద్దరేసి ఆడవాళ్ళు వేలాడి చూశారు. తర్వాత చంకలకెత్తుకున్న పిల్లల్ని మళ్ళీ వాటిలో వేశారు, తడినేల మీద వెయ్యలేరు కదా. అంతా అయ్యేసరికి గదిలో నడుమెత్తున నీలం ఇనప మంచాలు కాళ్ళు జాపుకుని గాలిలో నిలబడ్డాయి.

వాటి మధ్యలోంచి నడవాలంటే పక్కకి తొయ్యక తప్పదు. ఒకరు తోశారు, ఇంకొకరు తోశారు. క్రిబ్బులు ఊగడం మొదలుపెట్టాయి.

మొదట ఎస్తేరు కొడుకు నిద్రపోయాడు. తర్వాత వాడి పక్కవాడు. వాన చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినపడకుండా పోయింది. నూకరత్నం బుజ్జమ్మ వంక చూసింది. పిల్ల కళ్ళు సగం మూసి, తెరిచి, ఎందుకో అనుమానించి, చివరికి పూర్తిగా మూసేసింది.

"సన్యాసమ్మ పిన్నీ" అంది నూకరత్నం గుసగుసగా. "పొటోలు తియ్యి."

ట్యాబు ఒక్కొక్క క్రిబ్ దగ్గరా టింగుమంది. ఫొటోలో కటకటాలు ఉన్నాయి, నీలం పెయింటు ఉంది, కళ్ళు మూసిన శిశువు ఉంది. యాప్‌కి ఇంకేం కావాలి. నడిమివలస కేంద్రం నిద్ర నూరు శాతం.

నీళ్ళు తీశాక క్రిబ్బుల్ని దించేద్దామా అని ఎవరో అన్నారు. నేల పూర్తిగా ఆరాలి కదా అని ఇంకెవరో అన్నారు. ఆ నేల ఎప్పటికి పూర్తిగా ఆరినట్టో చెప్పే అధికారి ఎవరూ మండలంలో లేరు. క్రిబ్బులు అలాగే ఉండిపోయాయి. సన్యాసమ్మ పీట మళ్ళీ గది మధ్యకి వచ్చింది. రోజూ నూరు శాతం. మూసివేత నోటీసు తనంతట తానే రద్దయిపోయింది.

రాష్ట్రంలో మరెక్కడా నూరు లేదు. పదిహేను దాటితేనే సంబరం చేసుకుంటున్నారు. విశ్వంభరరావు గర్వంగా, కొంచెం భయంగా, ముందు చెప్పకుండా నడిమివలస వచ్చారు. గుమ్మంలో అడుగు పెట్టి అక్కడే ఆగిపోయారు. ఆయన ఛాతీ ఎత్తున ఒక క్రిబ్ మెల్లగా ఇటు వచ్చి, అటు వెళ్ళి, మళ్ళీ ఇటు వచ్చింది.

"ఇదేమిటి?"

"కిరిబ్బు బాబూ" అంది సన్యాసమ్మ.

"క్రిబ్ నేల మీద ఉండాలి కదా!"

"నేల మీదుంటే తుప్పట్టీద్ది. తుప్పట్టకూడదని తమరే సెప్పినారు."

విశ్వంభరరావు పీట మీద కూలబడ్డారు. సన్యాసమ్మ లేచి నిలబడాల్సి వచ్చింది. ఇది డోలనమే. కాని చీరలో శిశువు లేదు, క్రిబ్‌లో ఉంది. క్రిబ్ అధికారికం. చీర అనధికారికం. అధికారికమైనది అనధికారికమైన దానిలో ఉంటే ఏమవుతుంది? ఇటువంటి సమయంలో అధికారి చెయ్యవలసింది ఏదో ఆయనకి బాగా తెలుసు. స్పష్టత కోరుతూ పైకి రాశారు.

పైన నిపుణుల కమిటీ కూర్చుంది. లెక్కల మనిషి ఒకాయన, భౌతికశాస్త్రం ఆయన ఒకాయన, చట్టం చదివినావిడ ఒకావిడ. చివరికి తీర్పు వచ్చింది. విశ్వంభరరావు దాన్ని కేంద్రానికి తెచ్చి అందరి ముందూ నిలబడి చదివారు.

"శిశువు క్రిబ్‌లోనే ఉన్నది. క్రిబ్‌కును శిశువుకును మధ్య ఎటువంటి చలనమూ లేదు. చలనం క్రిబ్‌కును భూమికిని మధ్య మాత్రమే కలదు. భూమి ఎలాగూ తిరుగుచున్నందునను, భూమి మిషన్ పరిధిలోకి రానందునను, ఈ చలనాన్ని పరిగణనలోకి తీసుకోనక్కరలేదు."

"ఏటన్నట్టు?" అంది సన్యాసమ్మ.

"ఊపుకోవచ్చని" అన్నారు విశ్వంభరరావు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన నోటి వెంట వచ్చిన అతి చిన్న వాక్యం అదే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని బాగా జరిగే పనిని చూడటానికి జనం వస్తారు. రాష్ట్ర శయన కమిషనర్ మేడమే స్వయంగా వచ్చారు. ముందు రెండు జీపులు, వెనక నాలుగు కార్లు, ఫొటోల వాళ్ళు, హారన్లు. అందరూ గదిలోకి ఒక్కసారిగా దూరి, నిద్రపోతున్న పిల్లల్ని వంగి చూస్తూ "ఎంత నిశ్శబ్దంగా ఉందో" అని గట్టిగా అన్నారు. పిల్లలంతా లేచిపోయారు. కమిషనర్ మేడమ్ నొచ్చుకుని, అక్కడికక్కడే ఒక ఉత్తర్వు చెప్పి రాయించారు.

"శిశువు నిద్రించుచున్న సమయంలో ఏ స్థాయి అధికారీ గదిలోకి ప్రవేశించరాదు. వినికిడి దూరంలో ఏ వాహనమూ స్టార్టు చేయరాదు. తప్పనిసరిగా ప్రవేశించవలసి వచ్చినచో, శిశువులందరూ మెలకువగా ఉన్నారని శయనాధికారి స్వయంగా యాప్‌లో ధ్రువీకరించి, ఆపై ప్రవేశించవలెను."

ఉత్తర్వు రాసేలోగా పిల్లలు మళ్ళీ నిద్రపోవడంతో, కార్లన్నిటినీ మలుపు దాకా తోసుకుని వెళ్ళారు. తల్లులు కిటికీలోంచి చూశారు. మంచి ఉత్తర్వే అనుకున్నారు.

రెండో ఉత్తర్వు వారం తిరక్కుండా వచ్చింది. నడిమివలసను రాష్ట్ర నమూనా శయన కేంద్రంగా ప్రకటించారు. ఇతర జిల్లాల నుంచి అధికారులు వచ్చి చూసి నేర్చుకోవాలి. నమూనా అన్నాక ఎప్పుడు చూసినా ఒకేలా ఉండాలి. తెగకుండా నూరు శాతం ఉంటేనే నమూనా, ఒక్క రోజు తగ్గినా హోదా పోతుంది. పసిపిల్లలా, ఏ క్షణంలో లేస్తారో చెప్పలేం. అందుచేత వాళ్ళ స్థానంలో కళ్ళు మూసిన బొమ్మలను పెట్టాలని, అసలు పిల్లలను సమీకృత శయన ప్రాంగణానికి తరలించాలని నిర్ణయించారు.

"బొమ్మలేటి?" అంది నూకరత్నం. "మా పిల్లలు తొంగుంటన్నారు కదా!"

"తొంగుంటన్నారు కాబట్టే తీసుకుపోతారంట" అంది ఎస్తేరు. "తొంగోకపోనా తీసుకుపోతామన్నారు. తొంగున్నా తీసుకుపోతామంటన్నారు. మరి ఏటి సెయ్యాల, పిల్లలు?"

నూకరత్నం కిటికీ వంక చూస్తూ కూర్చుంది. ఆ కిటికీకి అవతల బుజ్జమ్మ ఇప్పుడు కటకటాలు పట్టుకుని లేచి నిలబడటం నేర్చుకుంది. పళ్ళు కూడా వస్తున్నాయి. అయినా సీసా నోట పెట్టదు.

బొమ్మల లారీ వచ్చే రోజున తల్లులు పనికి వచ్చారు గాని పళ్ళేల ముందు కూర్చోలేదు. మేస్త్రి ఏమీ అడగలేదు. అందరూ పిల్లల గదిలో, సన్యాసమ్మ చుట్టూ చేరారు. మేడమ్ రాయించిన ఉత్తర్వు మళ్ళీ ఎవరు చదివారో, మొదట ఎవరికి తట్టిందో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. తలా ఒక మాట అన్నారు, అంతే. నిద్రపోయే పిల్ల ఉంటే లోపలికి రాకూడదు. అయితే ఒక పిల్ల ఎప్పుడూ నిద్రపోతూ ఉండాలి. పెద్ద కష్టమేమీ కాదు, వరస పెట్టుకుంటే సరి. పొద్దున ఎస్తేరు కొడుకు. వాడు లేచే వేళకి, కిటికీ పక్కన పొట్టు తీసే నూకాలు కవలలు. వాళ్ళు లేచే వేళకి ఇంకొకరు. తిండి, పాలు, ఊపు ఆ లెక్కన చూసుకోవాలి.

లారీ వచ్చి చెట్టు నీడన ఆగింది. అందులో అట్టపెట్టెలు, పెట్టెల్లో బొమ్మలు. వెనకనే పిల్లల కోసం ఒక వ్యాను. విశ్వంభరరావు గుమ్మం దగ్గరికి వచ్చి, ఉత్తర్వు గుర్తొచ్చి, చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద నిలబడి, తలుపు సందులోంచి గుసగుసగా అడిగారు.

"ఎవరైనా నిద్రపోతున్నారా?"

"ఎస్తేరు కొడుకు, బాబూ" అంది సన్యాసమ్మ అంతే గుసగుసగా.

ఆయన కాసేపు ఆగి మళ్ళీ అడిగారు. కవలలు నిద్రపోతున్నారు. భోజనం చేసి వచ్చి అడిగారు. ఇంకెవరో నిద్రపోతున్నారు. ఎండ వాలింది. లారీ వాడు కిందకి దిగి, పైకి ఎక్కి, మళ్ళీ దిగాడు. స్టార్టు చేసి నీడలోకి జరుపుకుంటానంటే విశ్వంభరరావు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

సాయంత్రం అయ్యేసరికి ఏం జరిగిందంటే, పిల్లల్లో పడుకోవలసిన వాళ్ళంతా పడుకుని లేచేశారు. పగలంతా అంత నిద్ర వాళ్ళ జన్మలో పోలేదు. ఒకడు సన్యాసమ్మ చింతపండు పళ్ళెంలో కూర్చున్నాడు. కవలలు ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. ఎవర్ని ఊపినా నవ్వుతున్నారు. వరసలో మిగిలింది బుజ్జమ్మ ఒక్కతే.

నూకరత్నం కూతుర్ని క్రిబ్‌లో వేసి ఊపింది. కాలు వాడింది, చెయ్యి వాడింది, పాట పాడింది. బుజ్జమ్మ వినడానికి లేచి కూర్చుంది. ఇంకా బాగా వినడానికి లేచి నిలబడింది. కటకటాల మీదుగా గడ్డం ఆనించి, రెండు కొత్త పళ్ళు కనిపించేలా నవ్వింది.

"తొంగో అమ్మా. మా తల్లి కదూ. ఒక్క నిమసం" అంది నూకరత్నం. ఆమె గొంతు పాటలోంచి జారి ఏడుపులో పడబోయి, మళ్ళీ పాట పట్టుకుంది. ఇప్పుడు ఈ కళ్ళు మూతపడకపోతే రేపటి నుంచి ఈ కిటికీకి అవతల బొమ్మలుంటాయి.

తలుపు సందు వెడల్పయింది. విశ్వంభరరావు ముఖం కనిపించింది. ఆయనకి బుజ్జమ్మ కనిపించింది. బుజ్జమ్మకి ఆయన కనిపించారు. ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు.

"ఈ శిశువు మెలకువగా ఉన్నట్టుంది" అన్నారాయన. గొంతు మొదటిసారి మామూలు స్థాయికి వచ్చింది. "ఇక ప్రవేశించవచ్చు. సన్యాసమ్మా, ట్యాబు ఇలా ఇవ్వు. అందరూ మెలకువ అని నేను ధ్రువీకరించాలి."

ట్యాబు అందించింది నూకరత్నం. అందించి, క్రిబ్ అంచు వదలకుండా అడిగింది.

"బాబూ, అందరూ మెలకువ అని నొక్కితే ఈయాళ శాతం ఎంతవుద్ది?"

విశ్వంభరరావు వేలు గాలిలో ఆగింది.

"అందరూ గైరాజరే, సున్నా అవుద్ది కదా" అంది ఆమె. "సున్నా అయితే నమూనా పోద్ది కదా. నమూనా పోతే బొమ్మలెందుకు బాబూ?"

ఆయన ట్యాబు వంక చూశారు. దాని మీద ఇన్నాళ్ళుగా తెగకుండా వస్తున్న నూర్లు వరసగా ఉన్నాయి, ఈ రోజు గడి ఒక్కటే ఇంకా ఖాళీ. జిల్లా పేరు పక్కన చిన్న నక్షత్రం ఉంది. మెలకువ అని నొక్కితే లోపలికి వెళ్ళవచ్చు, కాని వెళ్ళే కారణం ఉండదు. నిద్ర అని నొక్కితే కారణం ఉంటుంది, కాని వెళ్ళడానికి లేదు. రేపు వచ్చినా ఇంతే. ఎల్లుండి వచ్చినా ఇంతే. భూగర్భ జలాల శాఖలో ఎంత లోతు కొలిచినా ఎక్కడో ఒకచోట అడుగు తగిలేది. ఇక్కడ అది కనిపించలేదు.

"తమరి ఇష్టం" అంది నూకరత్నం. "గుంట తొంగుందో, మెలకువగా ఉన్నాదో తమరే సూసి సెప్పండి."

బుజ్జమ్మ కళ్ళు పెద్దవి. ఆ వేళ ఇంకా పెద్దవిగా ఉన్నాయి. కటకటాల మీదుగా వంగి శయనాధికారి కళ్ళజోడు కోసం చెయ్యి జాపింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ట్యాబు మీద వేలు ఆనించారు. టింగుమంది.

"గాఢనిద్రలో ఉంది" అన్నారు విశ్వంభరరావు గుసగుసగా.

తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద మెట్లు దిగారు. లారీ తాళం తిప్పబోతున్న డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపారు. వ్యాను వాణ్ణి, ఆఫీసు జవానుని, దారిన పోయే ఇద్దర్ని పిలిచి లారీ వెనక నిలబెట్టి, తాను కూడా భుజం ఆనించారు. బొమ్మల లారీ ఇంజను లేకుండా, చప్పుడు లేకుండా రోడ్డు వైపు మెల్లగా కదిలింది.

నూకరత్నం బుజ్జమ్మను చంకనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. లారీని మనుషులు తొయ్యడం బుజ్జమ్మ ఎప్పుడూ చూడలేదు. కేరింతలు కొట్టి, రెండు చేతులూ తపతపా చప్పట్లు చరిచింది.

విశ్వంభరరావు చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూశారు. చూసి, వేలు పెదవుల మీద పెట్టి, పక్కన నెడుతున్న జవానుని కోప్పడ్డారు.

"మెల్లగా నెట్టవయ్యా. పాప లేస్తుంది."